ముకైయామా గారి మూడువందల ఎనభై తొమ్మిది గండాలు

మా కర్మాగారంలో భద్రతాధికారి ముకైయామా తోకుజిరో గారు రోజుకు సగటున ఒకటిన్నరసార్లు చావు తప్పించుకునేవారు. ఆ సగం ఏమిటని అడక్కండి, లెక్క అలా తేలింది. ఆదివారాలూ పండగ సెలవులూ మినహాయింపు. ఆ రోజుల్లో ఆయనకు ఏ గండమూ ఉండేది కాదు. ఇదంతా నేను గాలి కబురుగా చెప్పడం లేదు. పదకొండేళ్ళు ఆయన గదిలో గుమాస్తాగా పనిచేశాను. ఆయన తప్పించుకున్న ప్రతి చావునూ నా చేత్తో సాపు రాసి, నంబరు వేసి, ఫైల్లో పెట్టాను.

నలుగురి ప్రాణాలు కాపాడటానికి జీతం తీసుకునే మనిషి, తన ప్రాణం మీదకి ఇన్నిసార్లు ఎలా తెచ్చుకుంటాడో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయినా హాయిగా నవ్వుకునేవాళ్ళం.

మాది కవాగుచిలో పోత కర్మాగారం. ఇనుజుకా వారిది. ఇనుము కరిగించి, ఇసుక అచ్చుల్లో పోసి, రోడ్ల మీద మురుగు గోతులకు వేసే మూతలు చేస్తాం. నూట నలభై మందిమి. గేటు దాటగానే ఎడంపక్కన భద్రతకి గుర్తుగా ఆకుపచ్చ సిలువ వేసిన పెద్ద బోర్డు ఉంటుంది. 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు' అని రాసి, పక్కన అంకెలు. రోజూ పొద్దున రేడియో పాటకి అందరం చేతులూ కాళ్ళూ ఆడించి కసరత్తు ముగించాక, ముకైయామా గారు ఆ బోర్డు ముందు నిటారుగా నిలబడి, చూపుడువేలు చాచి, "తొమ్మిదివందల నాలుగు! సరిగ్గా ఉంది!" అని అరిచి అంకె మార్చేవారు.

ఆ తరవాత పెట్టె కార్యక్రమం. ఇది మా మేనేజరు కుసునోకి గారి ఆలోచన. చాలా ఏళ్ళ క్రితం ఒకాయనకు మరలో రెండు వేళ్ళు పోయినప్పుడు ఆయన చాలా బాధపడి ఈ పద్ధతి పెట్టారు. ప్రమాదం జరగబోయి కొద్దిలో తప్పిపోతే, ఆ మనిషి ఒక చీటీ రాయాలి. 'అమ్మో!' అనిపించిన క్షణం గురించి కాబట్టి దానికి అమ్మో చీటీ అని పేరు. రాసినవాడు మర్నాడు పొద్దున చెక్కపెట్టె ఎక్కి, అందరికీ వినబడేలా చీటీ చదివి, నా అజాగ్రత్తకు క్షమించమని నడుము వంచి దండం పెట్టాలి. ఒకడి తప్పు నుంచి అందరూ నేర్చుకుంటారని కుసునోకి గారి ఉద్దేశం. ఉద్దేశం బంగారంలాంటిదే. కాని ఆ పెట్టె ఎక్కడానికి మా వాళ్ళెవరికీ కాళ్ళు వచ్చేవి కావు.

ముకైయామా గారికి మాత్రం వచ్చేవి. ఆయన పెట్టె ఎక్కే తీరు చూస్తే పుట్టిందే అందుకని అనిపించేది.

"నిన్న పదీ పదికి, ఇసుక కలిపే మర దగ్గర, నేను, అనగా ముకైయామా, మర ఆగకముందే లోపల చెయ్యి పెట్టబోయాను! అమ్మో అనుకుని తీశాను!"

"ఎందుకు పెట్టావు బాబాయ్?" అని వెనక వరుసలోంచి ఎవరో అడిగేవారు.

"ఇసుకలో మేకు కనబడింది!"

"మేకు కోసం చెయ్యి ఇస్తావా?"

"ఇవ్వకూడదు! అందరూ చూసి నేర్చుకోండి! అయిదు మేకులకి కూడా ఇవ్వకూడదు!"

అందరూ పగలబడి నవ్వేవారు. ఆయన నడుం వంచి దండం పెట్టి, దిగి, జేబులోంచి రెండో చీటీ తీసి, మళ్ళీ ఎక్కేవారు. రెండో చీటీ తియ్యగానే నవ్వు రెట్టింపయ్యేది. మూడోది కూడా ఉన్న రోజున పని ఆలస్యంగా మొదలయ్యేది.

ఒక ఏడాది చివర విందులో పోతపని వాళ్ళంతా కలిసి ఆయనకు కానుక ఇచ్చారు. దూది కుట్టిన టోపీ. పైన ఎర్రదారంతో 'ఇంకా బతికే ఉన్నాను' అని కుట్టించారు. ముకైయామా గారు దాన్ని తలకు పెట్టుకుని, విందు అయ్యేదాకా తియ్యకుండా, అందరి గ్లాసులూ నింపుతూ తిరిగారు. ఒక్క చుక్క కింద పడలేదు. నేను చూశాను. చూసి కూడా ఏమీ ఆలోచించలేదు.

ఇంకోసారి చేపల కొట్టు దగ్గర ఆయన భార్య ఫుసాఎ గారు కనిపించారు. నాకు జాలేసి, "మీకెంత కష్టమండీ! ఇంట్లో కూడా ఆయన్ని కనిపెట్టుకుని ఉండాలి కదా" అన్నాను.

"ఎందుకమ్మా?"

"అదే, ఆయన కాస్త... తడబడుతుంటారు కదా."

"ఆయనా?" ఫుసాఎ గారు చేపల సంచీ చేతులు మార్చుకున్నారు. "పెళ్ళయి ముప్పై ఏళ్ళు. రోజూ గిన్నెలు తోమేది ఆయనే. ఇంతవరకు ఒక్క గిన్నె పగలగొట్టలేదు. పగిలితే కొత్తవి కొనుక్కోవచ్చని నేనే ఎదురుచూస్తున్నాను."

ఉన్న జాగ్రత్తంతా ఇంట్లోనే ఖర్చుపెట్టేస్తున్నాడు కాబోలు మహానుభావుడు అనుకుని, నాలుగు చేపలు కొనుక్కుని వచ్చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా బుర్ర మీద నాకే కోపం వస్తుంది.

బోర్డు మీద అంకె తొమ్మిదివందల యాభై దాటింది. వెయ్యో రోజున రాష్ట్ర కార్యాలయం నుంచి తనిఖీవాళ్ళు వస్తారు, అన్నీ బాగుంటే భద్రతా పురస్కారం ఇస్తారు. కుసునోకి గారికి నిద్ర పట్టడం మానేసింది. దరఖాస్తులో పెట్టడానికి గడిచిన పన్నెండు నెలల అమ్మో చీటీల లెక్క తియ్యమని నాకు చెప్పారు. మనిషి మనిషికీ విడివిడిగా తీశాను. మొత్తం నాలుగువందల పన్నెండు. అందులో ముకైయామా గారివి మూడువందల ఎనభై తొమ్మిది. మిగిలిన ఇరవై మూడూ, పెట్టె సంగతి ఇంకా తెలియని కొత్తవాళ్ళవి.

కుసునోకి గారు ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. అంకె మారలేదు.

"హమానాకా గారూ, ఇది పైకి పంపితే మనల్ని చూసి నవ్వరూ? కర్మాగారం మొత్తంలో అందరికంటే ప్రమాదకరమైన మనిషి భద్రతాధికారా?"

ముందు ఆయన్ని ఆసుపత్రికి పంపారు. చెవిలో ఏదైనా తేడా ఉంటే మనిషి తూలుతాడట. డాక్టరు నేల మీద గీత గీసి నడవమన్నాడు. ముకైయామా గారు కళ్ళు మూసుకుని కూడా తిన్నగా నడిచారు. ఈయన తాడు మీద నడిచినా నడవగలడని డాక్టరు రాసి ఇచ్చాడు. దాంతో కుసునోకి గారి అనుమానం చెవి నుంచి బుర్రకి మారింది. వారం తిరక్కుండా ముకైయామా గారిని భద్రత గదిలోంచి తీసి, అచ్చుల కోసం వాడే చెక్క నమూనాల గోడౌనుకి బదిలీ చేశారు. మెత్తగానే చెప్పారు, పాపం. "అక్కడ చెక్క తప్ప ఇంకేమీ లేదు. మీకు ఏమీ కాదు. రిటైరయ్యేదాకా ప్రశాంతంగా ఉండండి."

ముకైయామా గారు వాదించలేదు. సొరుగులోంచి దూది టోపీ తీసుకుని వెళ్ళిపోయారు. నేను లెక్క తీసినందుకే కదా అని నాకు కాస్త మనసులో గుచ్చుకుంది. ఆయన మంచికే అని సర్దిచెప్పుకున్నాను.

ఇక అక్కణ్ణించి అద్భుతం మొదలైంది. మొదటి వారం అమ్మో చీటీలు సున్నా. రెండో వారం సున్నా. మూడో వారం సున్నా. పొద్దున పెట్టె పక్కన ఖాళీగా పడి ఉండేది, కసరత్తు కాగానే అందరూ గబగబా పనిలోకి పోయేవారు. కుసునోకి గారు చీటీల లెక్కని గీతగా గీయించి, చట్రం కట్టించి, గోడకి తగిలించారు. గీత మూడువారాల కిందట కొండెక్కి కూర్చుని ఉంది. అక్కణ్ణించి దబ్బున నేల మీద పడింది.

"చూశారా? ఒక్క మనిషిని కదిలిస్తే చాలు, మొత్తం కర్మాగారం భద్రమైపోయింది" అన్నారు.

నేను కూడా తల ఊపాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఏదో సంతకం కోసం గోడౌనుకి వెళ్ళాను. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఇబుకి గొంతు వినిపించింది. ఇబుకి అంటే కరిగిన ఇనుము పోసే జట్టుకి మేస్త్రీ. ఇంత మనిషి, కేకేస్తే క్రేను ఆగేది. ఆ రోజు మాత్రం మెల్లగా గొణుగుతున్నాడు.

"మళ్ళీ జారింది బాబాయ్. రెండో నంబరు లాడిల్. వంచుతుంటే చక్రం నా చేతిలోంచి దానంతటదే తిరిగింది. ఒక చుట్టు తిరిగి ఆగింది. ఆగకపోతే..."

లాడిల్ అంటే కరిగిన ఇనుము మోసే పెద్ద బకెట్టు. క్రేనుకి వేలాడుతుంటుంది. పక్కనున్న చక్రం తిప్పితే పళ్ళచక్రాల మీద మెల్లగా వంగి అచ్చులో పోస్తుంది. అది దానంతటది వంగితే కింద ఉన్నవాళ్ళ సంగతి మా పిల్లలకి కూడా చెప్పక్కర్లేదు.

"రాయి మరి" అన్నారు ముకైయామా గారు.

"నేనా? ఆ పెట్టె ఎక్కి, నా చేతిలోంచి చక్రం జారిందని చెప్పి దండం పెట్టాలా? రేపట్నుంచి నా కింద ఏడుగురూ నా మాట వింటారా? ఎప్పట్లాగే నువ్వే రాసెయ్ బాబాయ్."

"ఎలా రాయనురా? చెక్కబొమ్మల మధ్య కూర్చున్నవాడికి కరిగిన ఇనుము ఎక్కణ్ణించి వస్తుంది? ఎవరు నమ్ముతారు?"

ఎప్పట్లాగే. ఆ ఒక్క మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. ఇబుకి నన్ను చూసి ముఖం తిప్పుకుని పక్కనుంచి జారుకున్నాడు.

"ముకైయామా గారూ, ఆ చీటీల్లో ఎవరెవరివి ఉన్నాయి?"

"అన్నీ నావే."

"పధ్నాలుగో తారీఖు పదీ పదికి మీరు ఇసుక మర దగ్గర ఉన్నారు. పదీ పన్నెండుకి క్రేను నిచ్చెన మీద కాలు జారింది. పదీ పదిహేనుకి లాడిల్ దగ్గర. ఆ పూటంతా మీరు నా ఎదురుగా కూర్చుని చేతితొడుగుల జతలు లెక్కపెడుతున్నారు. మీకు టైము చూసే అలవాటు లేదనుకున్నాను ఇన్నాళ్ళూ!"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పేరొక్కటే మార్చానమ్మా. తారీఖు, టైము, చోటు, జరిగింది, అన్నీ నిజాలే. అవి అబద్ధం రాస్తే ఇక చీటీ దేనికి?"

"మీ పేరు ఇలా పాడుచేసుకోవడం దేనికి?"

"వాళ్ళకి పెట్టె ఎక్కడం చావుకంటే కష్టంగా ఉందమ్మా. నాకు అంత కష్టం అనిపించదు. పైగా వాళ్ళు కాస్త నవ్వుకుంటారు. నవ్వుతూ విన్నది గుర్తుంటుందని..." ఆగిపోయారు. తరవాత మెల్లగా అన్నారు, "అక్కడే తప్పు చేశాను. లాడిల్ బాగుచెయ్యమని మరమ్మతు వాళ్ళకి మూడుసార్లు చెప్పాను. ముందు నీ చేతులు బాగుచేయించుకో బాబాయ్ అన్నారు. నా పేరు ఉంటే చాలు, ఎవరూ లాడిల్ వైపు చూడటం లేదు. నా వైపే చూస్తున్నారు. ఎవరికీ చెప్పకండమ్మా, వాళ్ళంతా నన్ను నమ్మి చెప్పినవి."

"పేర్లు చెప్పను" అన్నాను. మిగతాది చెప్పనని మాత్రం అనలేదు.

గదికి పరుగెత్తి, మూడువందల ఎనభై తొమ్మిది చీటీలూ తీసి నేలంతా పరిచాను. పేరు చూడటం మానేసి, ఎక్కడ జరిగిందో చూస్తూ కుప్పలు పెట్టాను. ఇసుక మర కుప్ప, నిచ్చెన కుప్ప, కొలిమి కుప్ప. ఒక కుప్ప మాత్రం పెరుగుతూనే ఉంది. రెండో నంబరు లాడిల్ దగ్గర అరవై ఒకటి. వేసవికి ముందు నెలకి రెండో మూడో ఉండేవి. ఆయన బదిలీకి ముందు నెలలో పదిహేను. పదకొండేళ్ళుగా ఈ కాగితాలు నా చేతిలో ఉండి, నేను లెక్కపెట్టింది ఒక మనిషి ఎన్నిసార్లు తడబడ్డాడని. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

కుప్పలన్నీ ఎత్తుకుని కుసునోకి గారి గదికి వెళ్ళి, బల్ల మీద పెట్టి, సంగతి చెప్పాను. ఆయన లాడిల్ కుప్ప దగ్గరికి లాక్కుని ఒక్కొక్క చీటీ చదివారు. తరవాత ముకైయామా గారిని పిలిపించారు.

"పధ్నాలుగో తారీఖున అయిదు నిమిషాల్లో మూడు చోట్ల ఉన్నారట?"

"నేను కొంచెం వేగంగా నడుస్తానండి" అన్నారు ముకైయామా గారు.

"గదిలో చేతితొడుగులు కూడా లెక్కపెట్టారట?"

"చాలా వేగంగా నడుస్తాను."

"ఎవరివి ఇవన్నీ? పేర్లు చెప్పండి."

"నావేనండి. సంతకం చూడండి."

కుసునోకి గారు పేర్లు అడగడం మానేశారు. ఫోనెత్తి, "రెండో నంబరు లాడిల్ ఆపండి. ఇప్పుడే. ఇనుము చల్లారిపోతే పోనీ. మూతలు ఆలస్యమైతే పోనీ" అని చెప్పి, కోటు కూడా వేసుకోకుండా కిందికి పరుగెత్తారు. వెనకే మేము.

లాడిల్ దింపి, ఖాళీచేసి, పళ్ళచక్రాల మీది మూత విప్పారు. మరమ్మతు మేస్త్రీ లోపలికి దీపం పట్టి చూసి, కిందే కూలబడ్డాడు. నాలుగు పళ్ళు లేవు. అయిదోది సగం పగిలి వేలాడుతోంది. ఆ పూట పోతకి సిద్ధంగా దాని కింద నిలబడి ఉన్నవాళ్ళు పదకొండుమంది. అందరూ అక్కడే ఉన్నారు. ఇబుకి పగిలిన పన్ను చేతిలోకి తీసుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున కసరత్తు అయ్యాక పెట్టె ఎక్కింది కుసునోకి గారు. చేతిలో చీటీ ఉంది. పెట్టె ఎక్కడం ఆయనకి కొత్త.

"నేను, కుసునోకి, చీటీలు తగ్గితే ప్రమాదం తగ్గిందనుకున్నాను! చెప్పేవాణ్ణి గోడౌనులో పెట్టి, నిశ్శబ్దానికి చట్రం కట్టించాను! అమ్మో!"

'అమ్మో' అని ఆయన చదివిన తీరుకి వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నడుం వంచి దండం పెట్టారు. చాలాసేపు లేవలేదు. లేచాక, ఇక మీదట ఎవరూ ఈ పెట్టె ఎక్కక్కర్లేదు, చీటీ రాసినవాడికి నేనే వచ్చి కృతజ్ఞతలు చెప్పుకుంటాను అన్నారు. దిగి, పెట్టెను తనే మోసుకుపోయి కొలిమివాళ్ళకి ఇచ్చేశారు.

అప్పుడు ఇబుకి వరుసలోంచి ముందుకు వచ్చాడు. పెట్టె లేదు కాబట్టి నేల మీదే నిలబడి, "లాడిల్ చీటీల్లో నలభై నావి" అన్నాడు.

"నిచ్చెన నాది" అన్నారు ఇంకొకరు.

"మేకు నాదే. బాబాయ్, ఆ మేకు ఇంకా నా జేబులోనే ఉంది."

ఒక్కొక్కరే తమ తమ గండాలు వెనక్కి తీసుకున్నారు. ముకైయామా గారు ఇబ్బందిగా అటూ ఇటూ కదులుతూ, "నాకేమీ మిగల్చరా?" అన్నారు. ఆ రోజు పని గంట ఆలస్యంగా మొదలైంది.

ఆయన తిరిగి మా గదికి వచ్చేశారు. ఆ నెల చీటీలు డెబ్భై రెండు వచ్చాయి, ఎవరి పేర్లతో వాళ్ళవి. వెయ్యో రోజు వచ్చిన తనిఖీ పెద్దమనిషి ఈ డెబ్భై రెండూ చూసి భయపడతాడేమోనని నేను హడలిపోయాను. ఆయన ఒక్కొక్కటీ చదివి, వాటికి ఎదురుగా ఏమేం బాగుచేశారో చదివి, టీ రెండోసారి అడిగి తాగాడు. పురస్కారం వచ్చింది.

ఆ సాయంత్రం గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు, ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అడిగేశాను.

"ముకైయామా గారూ, ఆ మూడువందల ఎనభై తొమ్మిదిలో నిజంగా మీవెన్ని?"

"ఒక్కటీ లేదు."

"ఇన్నేళ్ళలో మీరు ఒక్కసారీ తడబడలేదా?"

ఆయన లేచి తలుపు వేసి వచ్చారు. మళ్ళీ వెళ్ళి, వేసిందో లేదో వేలు చాచి చూసుకున్నారు. లోపలి జేబులోంచి మడతలు పెట్టిన చీటీ ఒకటి తీసి నా ముందు పెట్టారు. గోడౌనులో ఉన్నప్పటిది. తారీఖు, టైము, చోటు, అన్నీ ఉన్నాయి. బల్బు మార్చడానికి, కాళ్ళకి చక్రాలుండే ఆఫీసు కుర్చీ ఎక్కారట, కుర్చీ తిరిగిందట, చెక్క నమూనా ఒకటి పట్టుకుని వేలాడారట. పేరు రాసే చోట మాత్రం ఖాళీ.

"ఇందులో పేరు లేదండీ."

"అదే..." గొంతు తగ్గించారు. "చక్రాల కుర్చీ ఎక్కొద్దని ముప్పై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నది నేనే కదమ్మా. నా పేరు చూస్తే ఏమనుకుంటారు? మీరు ఏమీ అనుకోకపోతే..."

మిగతాది చెప్పలేక కిటికీ వైపు తిరిగారు. ఊరంతటి గండాలూ నెత్తిన వేసుకుని వందలసార్లు దండం పెట్టిన మనిషి, తన ఒక్క గండానికి ఇంతగా సిగ్గుపడుతున్నారు. నేను కలం తీసి, ఖాళీలో 'హమానాకా మియెకో' అని రాశాను.

మర్నాడు కుసునోకి గారు ఆ చీటీ పట్టుకుని మా గదికే వచ్చారు. "హమానాకా గారూ! మీరు కూడానా? చక్రాల కుర్చీ ఎక్కారా?"

"బుద్ధి గడ్డి తిని ఎక్కానండి."

"చెప్పినందుకు చాలా సంతోషం. గోడౌనుకి మంచి నిచ్చెనబల్ల ఒకటి తెప్పిస్తాను."

ఎదుటి బల్ల దగ్గర ముకైయామా గారు కాగితాల్లోంచి తల ఎత్తకుండా, "జాగ్రత్తగా ఉండాలమ్మా. నేను చెబుతూనే ఉంటాను, ఎవరూ వినరు" అన్నారు.

లేచి నిలబడి, ఇద్దరికీ నడుం వంచి క్షమాపణ చెప్పుకున్నాను.